ముంగిట్లో గురక

మా పేటలో కొందరు కాయ్ సెంగ్‌ను సూదుల తల్లి అంటారు. అనేవాళ్ళెవరో నాకు తెలుసు. ఆదివారం చర్చిలో ముందు బల్లల మీద కూర్చుంటారు, ప్రార్థన కాగానే బయటికొచ్చి ఆమె దగ్గరే ఆకుచేప కొనుక్కుని వేళ్ళు నాకుతారు. ఆమె వండిన చేపకు అంటని మైల ఆమె పేరుకు ఎలా అంటిందో వాళ్ళనే అడగాలి. బజార్లో ఆమె పక్క బల్ల నాది. పులియబెట్టిన వెదురు కొమ్ములు అమ్ముతాను. ఆమె కొత్తకోడలుగా ఈ పేటకు వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను కాబట్టి ఆమె సంగతి నేనే చెబుతాను. వాళ్ళ నోట విని ఎవరూ నమ్మకండి.

మనిషి పొట్టి. గొంతు మాత్రం ఐరావతి నది అవతలి ఒడ్డుకు వినపడుతుంది. చేపకు అల్లం, పచ్చిమిరపకాయలు, కొండమీద దొరికే ఘాటాకు దట్టించి, అరటాకులో చుట్టి ఆవిరికి పెడుతుంది. కొనకముందే పొట్లం విప్పి వాసన చూడబోయేవాడి చేతి మీద ఒక్కటేస్తుంది. "ముక్కుతో తింటావా? ముందు కొను, తర్వాత విప్పు" అంటుంది. భర్త పచ్చరాయి గనిలో మట్టిచరియ విరిగిపడి పోయాడు. శవం కూడా దొరకలేదు. ఒక్కడే కొడుకు, ఖా లూమ్. తండ్రిని మింగిన గనికే కొడుకూ వెళ్ళాడు, బర్మాలో ఈ ఉత్తరపు మూల, మా మిచీనాలో, వాడికి వేరే పనెక్కడుంది గనక. ఆ గనుల దగ్గర అన్నం దొరకని రోజులుంటాయి, మత్తుపొడి దొరకని రోజుండదు. వాడు తిరిగొచ్చేసరికి ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుంటున్నాడు. తల్లికి ఇక చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ రోజుల్లోనే మా పేటలో శుద్ధి సంఘం పెట్టారు. ఆకుపచ్చ కోట్లు, చేతిలో వెదురు కర్రలు. పొడి తీసుకునేవాళ్ళను పట్టుకుని, గుండు గీసి, కొండ మీది శిబిరానికి తోలేవాళ్ళు. సంఘానికి పెద్ద తాంగ్ గున్. ఆయన దుర్మార్గుడని నేననను. ఆయన సొంత తమ్ముణ్ణి కూడా ఆ పొడే తినేసింది, ఆ మంట ఆయన కడుపులో ఉంది. కడుపు మంట ఉన్నవాడి చేతికి కర్రిచ్చి, ఊరంతా వెనక నిలబడి చప్పట్లు కొడితే ఏమవుతుందో అదే అయింది.

ఖా లూమ్‌ను బజారు మధ్యలో పట్టుకున్నారు. వర్షాకాలమంతా శిబిరంలో ఉంచారు. కొత్త బియ్యం పండగకు, అంటే పంట ఇంటికొచ్చాక చర్చిలో చేసే కృతజ్ఞతారాధనకు, బాగైనవాళ్ళను వరసగా నిలబెట్టి అప్పగిస్తారు. వాడు తెల్లచొక్కా తొడుక్కుని, భుజాన కొత్త నేత సంచీ వేసుకుని, బుగ్గలు నిండి పెళ్ళికొడుకులా ఉన్నాడు. మా ఆచారం ప్రకారం తల్లి లేచి సాక్ష్యం చెప్పాలి. కాయ్ సెంగ్ లేచి, ఏడుస్తూ నవ్వుతూ ఏదో చెప్పింది. ఆ మర్నాడు సంఘం వాళ్ళందరికీ గంపెడు ఆకుచేపలు పంచిపెట్టింది.

ఆ వారం తిరక్కముందే వాడు పడిపోయాడు. నది ఒడ్డున పాత స్నేహితులు కలిశారు, పాత లెక్కనే పొడి సూదితో ఎక్కించుకున్నాడు. స్నేహితులు భయపడ్డారు. ఆస్పత్రికి మోసుకెళితే దారిలో సంఘం కర్రలున్నాయి కదా. వాణ్ణి తెచ్చి ఇంటి గేటు ముందు పడుకోబెట్టి పారిపోయారు. ఇరుగుపొరుగు వచ్చి ముంగిట్లో పంపరపనస చెట్టు కింద చాప వేసి దాని మీదికి జరిపారు. వాడు గుర్రు పెడుతున్నాడట.

"నిద్రపోతున్నాడులే, మత్తు దిగితే వాడే లేస్తాడు" అంది ఒకావిడ.

"పెదాలు నల్లబడ్డాయి చూడు. పోయేలా ఉన్నాడు. లోపలికి మాత్రం తేకండి" అన్నాడు ఇంకొకాయన.

చెడ్డచావు చచ్చినవాణ్ణి మేం గడప దాటించం. దాటిస్తే ఆ చావు ఇంట్లో ఇంకొకణ్ణి లాక్కుపోతుందంటారు. బైబిలు పట్టుకున్న చేతుల్తోనే ఈ మాటనీ పట్టుకు వేళ్ళాడుతున్నాం. తాంగ్ గున్ వచ్చాడు, చూశాడు. "బయటే ఉంచండి. పాస్టరుగారికి కబురు పెట్టాను, వచ్చి ప్రార్థన చేస్తారు" అన్నాడు. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. గురక సాగింది, ఆగింది, మళ్ళీ సాగింది. ఆ తర్వాత వినపడలేదు. బజారుకు కబురొచ్చి మేమిద్దరం పరుగెత్తుకెళ్ళేసరికి అంతా అయిపోయింది. కాయ్ సెంగ్ వాడి చంకలో చెయ్యి పెట్టి, "ఇంకా వెచ్చగా ఉంది, ఇదిగో, ఇంకా వెచ్చగానే ఉంది" అని ఒక్కొక్కళ్ళ మొహం చూస్తూ చెప్పింది. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. వాణ్ణి సమాధుల కంచె బయట పూడ్చారు. చర్చి గంట కూడా కొట్టలేదు.

కొన్నాళ్ళకు పట్నం క్లినిక్‌లో పనిచేసే నర్సమ్మాయి చేప కోసం వచ్చి, మాటల్లో ఖా లూమ్ సంగతి అడిగింది. కాయ్ సెంగ్ చెప్పింది. గురక దగ్గరికి రాగానే ఆ అమ్మాయి చేతిలో పొట్లం బల్ల మీద పెట్టేసింది.

"అత్తా, అది నిద్ర కాదు. పొడి ఎక్కువైతే ఊపిరి ఆగిపోతూ అలా చప్పుడు చేస్తుంది. కొన్నాళ్ళు మానేసిన ఒంటికి పాత లెక్క విషమే. అప్పుడు నోట్లో నోరు పెట్టి ఊపిరూదుతూ ఉండాలి. నలాక్సోన్ అని ఒక మందుంది, తొడలోకి గుచ్చితే మళ్ళీ ఊపిరందుకుంటారు."

కాయ్ సెంగ్ అక్కడే నేల మీద కూలబడింది. ఏడుస్తుందనుకుని నేను పక్కన కూర్చున్నాను. ఏడవలేదు.

"అయితే నా కొడుకు నిద్రపోలేదు. ఊపిరి అడుక్కున్నాడు. ఇంతమంది చుట్టూ నిలబడి విన్నారు" అంది.

ఆ రోజు మొదలైన కోపం ఆమెలో ఇప్పటికీ చల్లారలేదు. చల్లారకూడదనే నా ప్రార్థన.

ఆ మందును మా బజారువాళ్ళం ఊపిరిమందు అంటాం. దాన్ని ఎక్కించడం నేర్చుకోవడానికి కాయ్ సెంగ్ క్లినిక్‌కు నడిచింది. నర్సు మొదట గుమ్మడికాయకు గుచ్చమంది. ఇంటికొచ్చాక సాధన చెయ్యడానికి ఆమెకు దొరికింది నేను.

"పడుకో. చచ్చినట్టు పడుకో. నవ్వకు."

"నీ నోరు వెల్లుల్లి కంపు కొడుతోందే."

"చచ్చేవాడికి కంపేంటి? నోరు తెరువు."

బజారంతా చుట్టూ చేరి నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు, నా గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, రొమ్ము లేస్తోందా లేదా అని చూసుకుంటూ ఊదింది. అప్పటినుంచీ ఆమె గంపలో పైన చేపలు, అడుగున అరటాకుల కింద ఊపిరిమందు, కొత్త సూదులు. నది ఒడ్డున పారేసిన పాత సూదులు ఏరి నూనె డబ్బాలో వేసుకొచ్చి క్లినిక్‌లో ఇచ్చేది. పిల్లలు చెప్పుల్లేకుండా ఆడుకునే చోటది. ఇన్నాళ్ళూ ఆ సూదులు ఏ శుద్ధి సంఘం కంటికీ కనపడలేదు.

ఎంతమందిని లేపిందో నేను లెక్కపెట్టలేదు, ఆమె కూడా పెట్టలేదు. ఒకడు మాత్రం గుర్తున్నాడు. లేస్తూనే ఆమె ఒడిలో వాంతి చేసుకుని, "నా మత్తంతా పాడుచేశావు కదే ముసలీ!" అని తిట్టాడు. "నువ్వు నా లుంగీ పాడుచేశావు, చెల్లుకు చెల్లు. ఇంకో రెండు గంటలు నా కళ్ళ ముందునుంచి కదిలావంటే కాళ్ళు విరగ్గొడతాను. మందు దిగిపోతే మళ్ళీ పడతావు" అంది. వాడు ఆమె బల్ల కింద కూర్చుని, వణుకుతూ, ఆమె పెట్టిన జావ తాగాడు.

ఇది తాంగ్ గున్ చెవిన పడింది. ఒక సంతరోజు కర్రలు పట్టుకుని వచ్చి గంప బోర్లించారు. చేపలు మట్టిలో పడ్డాయి. ఊపిరిమందు సీసాలను బూటు కాలితో నొక్కి పగలగొట్టాడు ఆకుపచ్చకోటువాడొకడు.

"సోదరీ, పొడి అమ్మేవాడికీ సూదులు పంచే నీకూ ఏం తేడా?" అన్నాడు తాంగ్ గున్.

"వాడు వచ్చినప్పుడు మీ కర్రలు ఇంట్లో ఉంటాయి, నేను వచ్చినప్పుడు బజార్లో ఉంటాయి. అదే తేడా" అంది కాయ్ సెంగ్, చేపలు ఏరుకుంటూ.

నేను వెదురు కొమ్ముల పులుపునీళ్ళ కుండ ఎత్తి ఆ బూటువాడి మీద కుమ్మరించాను. వారం దాకా వాడి పక్కన ఎవరూ కూర్చుని ఉండరు. నాకు ఇప్పటికీ సంతోషమే.

మరుసటి ఏడు పంట కోతలప్పుడు రోయ్ పాన్ వచ్చింది. పుట్టింటి వరసన కాయ్ సెంగ్‌కు చెల్లెలు, ఇద్దరూ మరాన్ అనే ఇంటిపేరు ఆడపడుచులు. ఆమె కొడుకు బ్రాంగ్ మై శిబిరంలో ఉన్నాడు, కొత్త బియ్యం పండగకు వదిలేస్తారు. బజారంతా వింటుందని గొంతు తగ్గించి అంది:

"అక్కా, నీ వాడు కూడా ఇలాగే తెల్లచొక్కాతో వచ్చాడు. నాకు భయంగా ఉంది."

"భయపడు. భయపడాల్సిందే. కానీ నీ ఒక్కదానికి నేర్పితే చాలదు. వాడు పడే చోట నువ్వుండకపోవచ్చు. అక్కడుండేవాళ్ళందరికీ తెలియాలి."

కాయ్ సెంగ్ తాంగ్ గున్ ఇంటికెళ్ళింది, వెంట నేనూ వెళ్ళాను. ఆరాధనలో రెండు మాటలు చెప్పనిమ్మంది. ఆమె అడిగింది అంతే. ఒంట్లో అలవాటు పోయిందని, పాత లెక్క చంపేస్తుందని, గురక వినపడితే ఏం చెయ్యాలో తల్లులకు చెబుతానంది.

"బాగైనవాడి తల్లి చేతికి ఆ మందిస్తే, మళ్ళీ పడు అని చెప్పినట్టే" అన్నాడాయన.

"గొడుగిచ్చినంత మాత్రాన వానను రమ్మన్నట్టా?"

"దేవుని సన్నిధిలో సూదుల మాట ఎత్తనివ్వను సోదరీ. అంతే."

సోదరీ అంటాడు, గమనించండి. ఆయన భార్య కూడా మరాన్ ఇంటి పిల్లే, కాయ్ సెంగ్‌కు మేనకోడలి వరస. మాలో పిల్లనిచ్చినవాళ్ళే పైవాళ్ళు. అల్లుడి వైపు వాడు ఎంత గొప్పవాడైనా పిల్లనిచ్చిన ఇంటివాళ్ళ ముందు గొంతెత్తకూడదు, వాళ్ళ పెళ్ళిళ్ళలో వడ్డించాలి, చావుల్లో గొయ్యి తవ్వాలి. ఆ వరసన కాయ్ సెంగ్ ఆయనకు అత్త. సంఘం పెద్ద అయినప్పటినుంచీ ఆయన మరాన్ ఆడవాళ్ళందరినీ సోదరీ అనే పిలుస్తున్నాడు. అత్తను కసరలేడు, సోదరినైతే కసరచ్చు. తెలివైనవాడు.

పండగనాడు చర్చి కిక్కిరిసింది. బల్ల మీద కొత్త బియ్యం, గుమ్మడికాయలు, చెరుకుగడలు. బాగైనవాళ్ళు వరసగా నిలబడ్డారు. బ్రాంగ్ మై నున్నటి గుండు, తెల్లచొక్కా. తల్లులు ఒక్కొక్కళ్ళూ లేచి సాక్ష్యం చెప్పారు. రోయ్ పాన్ వంతు వచ్చింది. లేచి నిలబడింది.

"నాకు మాట రాదు. నా బదులు మా అక్క చెబుతుంది" అని కూర్చుంది.

తల్లికి నోరు రాకపోతే పుట్టింటివాళ్ళు మాట్లాడటం మాలో తప్పు కాదు. వెనక వరసలోంచి కాయ్ సెంగ్ ముందుకొచ్చింది. తాంగ్ గున్ చటుక్కున లేచాడు. "సోదరీ, సమయం లేదు, ఇంకా చాలామంది—"

"అల్లుడూ, కూర్చో."

చర్చిలో ఎవరో కిసుక్కుమన్నారు. తాంగ్ గున్ భార్య తల దించుకుంది. ఆయన మొహం ఎర్రబడింది. పాస్టరుగారి వైపు చూశాడు. ఆయన పాటల పుస్తకంలో ఏదో వెతుక్కుంటున్నాడు. నిండు చర్చిలో, పెళ్ళాం ముందు, మామగారి వంశం ముందు, అత్తను కాదంటే రేపు తాంగ్ గున్ కూతురి పెళ్ళికి మరాన్ వాళ్ళెవరూ గడప తొక్కరు. కూర్చున్నాడు.

కాయ్ సెంగ్ ప్రసంగమేమీ చెయ్యలేదు. నోరు తెరిచి, గొంతులోంచి ఆ గురక పెట్టింది. పొడుగ్గా ఒకటి. ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, నేనే ఊపిరి బిగబట్టాను. మళ్ళీ ఒకటి, తడితడిగా. ఆరాధనలో ఆ చప్పుడు. ముందు బల్లమీది ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు.

"చెవులెందుకు మూసుకుంటారు? ఇంతకుముందు వినలేదా? మా ముంగిట్లో చేతులు కట్టుకుని విన్నారుగా. మీలో ఎంతమంది ఇళ్ళ వెనక విన్నారో నాకు తెలీదా? ఇది నిద్ర కాదు. వీళ్ళ ఒళ్ళు శుభ్రమైంది, సంతోషం. శుభ్రమైన ఒళ్ళు పాత లెక్కకు తట్టుకోదు. ఆ మాట ఈ పిల్లలకు కొండమీద ఒక్కరూ చెప్పలేదు. పాటలు నేర్పారు, ఇది నేర్పలేదు. పడొద్దు నాయనా. పడితే ఒంటరిగా పడొద్దు. ఈ చప్పుడు వింటే బయట పడేయకండి, లోపలికి తీసుకెళ్ళండి, ఊపిరూదండి, ఈ మందు గుచ్చండి."

సంచీలోంచి ఊపిరిమందు పొట్లాలు తీసి, కానుకల బల్ల మీద కొత్త బియ్యం పక్కన పెట్టి, వెళ్ళి తన చోట కూర్చుంది. తాంగ్ గున్ వాటిని ముట్టుకోలేదు. అత్త చేత్తో పెట్టినదాన్ని అల్లుడు విసిరెయ్యకూడదు. కానుకల బల్ల మీదిది ఎవరూ ఇంటికి తీసుకెళ్ళరు మాలో. ఆ రోజు ఆరాధన ముగిసి మగవాళ్ళు బయట డప్పు దగ్గర చేరాక, తల్లులు ఒక్కొక్కరే ఆ బల్ల పక్కనుంచి నడిచారు. నేను వెళ్ళి చూసేసరికి గుమ్మడికాయలున్నాయి, పొట్లాలు లేవు.

కొత్త బియ్యం గంజి ఇంకా రుచి మారకముందే బ్రాంగ్ మై పడిపోయాడు. పట్టపగలు. మళ్ళీ అదే, స్నేహితులు మోసుకొచ్చి రోయ్ పాన్ గేటు ముందు దించి పరుగు. మళ్ళీ ఇరుగుపొరుగు, మళ్ళీ చాప. కబురు రాగానే నేనూ కాయ్ సెంగ్ బల్లలు వదిలేసి పరుగెత్తాం. ఆమె దారిపొడుగునా ఒకటే అనుకుంటూ వచ్చింది, "లోపలికి, లోపలికి."

ముంగిట్లో చాప ఖాళీగా ఉంది. చుట్టూ జనం. తాంగ్ గున్ ఆకుపచ్చ కోటులో గుమ్మం ముందు నిలబడి, "బయటే ఉంచమంటే వినదేం!" అని అరుస్తున్నాడు. లోపల, పొయ్యి పక్కన, రోయ్ పాన్ మోకాళ్ళ మీద ఉంది. కొడుకును చంకల కింద పట్టుకుని ఒక్కతే గడప మీదినుంచి ఈడ్చుకెళ్ళిందట. ఇద్దరు మగాళ్ళు అడ్డం నిలబడితే ఒకడి చెయ్యి కొరికిందట. వాడి తొడ దగ్గర లుంగీ మీదినుంచే గుచ్చిన సూది పక్కన పడుంది. ఆమె ఊదుతూనే ఉంది. కాయ్ సెంగ్ వెళ్ళి వాడి గడ్డం ఇంకాస్త పైకెత్తింది. "ఇలా. ఆపకు" అంది.

వాడు దగ్గాడు. పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు. కళ్ళు తెరిచి, తల్లిని చూసి, "అమ్మా, చలేస్తోంది" అన్నాడు.

అప్పుడు తాంగ్ గున్, ఆయనకు నోరు మూసుకోవడం ఎవరూ నేర్పలేదు, "చెడ్డచావును గడప దాటించారు. పాస్టరుగారిని పిలుస్తాను. ఈ ఇల్లు శుద్ధి చెయ్యాలి" అన్నాడు.

కాయ్ సెంగ్ లేచి గుమ్మంలోకి వచ్చింది.

"ఈ ఇంట్లో ఎవరూ చావలేదు అల్లుడూ. చచ్చినవాడు మా ముంగిట్లో చచ్చాడు. పంపరపనస చెట్టు కింద, నువ్వు నిలబడి వింటుండగా. నీకు శుద్ధి చెయ్యాలనుంటే అక్కడికి రా. అత్త అడుగుతోంది. నీ చేత్తో నీళ్ళు తెచ్చి ఆ చోటు కడుగు."

అత్త అడిగింది కాదనకూడదు. ఆయన కాదనలేదు. అవుననీ అనలేదు. కర్ర చంకలో పెట్టుకుని, జనం పక్కకు తప్పుకుంటుంటే గేటు దాటి వెళ్ళిపోయాడు.

మర్నాటినుంచీ కాయ్ సెంగ్ ముంగిట్లో పంపరపనస చెట్టు కింద ఒక బకెట్టు నీళ్ళు, ఒక చీపురు. చర్చికి వెళ్ళే దారి అదే, తాంగ్ గున్ అటే నడవాలి. ఇప్పటిదాకా తల తిప్పలేదు. సాయంత్రం ఆ నీళ్ళు ఆవాల మడిలో పోస్తుంది, పొద్దున్నే మళ్ళీ నింపుతుంది. బ్రాంగ్ మై పూర్తిగా మానేశాడని నేను చెప్పను. కొన్నాళ్ళు మానతాడు, కొన్నాళ్ళు జారతాడు, జారిన రోజు ఆమె బల్ల కిందికొచ్చి కూర్చుంటాడు. బతికున్నాడు. ఈ మధ్య ఆ బకెట్టు వాడే నింపుతున్నాడు.